ప్రమాణాలు రాసే గదిలో ఎవరుంటారు? యూరప్ పరిశ్రమ చెబుతున్న కథ

1980ల మధ్యలో జర్మనీలో కారు ఫోన్ పెట్టించుకున్న వ్యాపారి రైన్ నది దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్తే ఆ ఫోన్ మూగబోయేది. జర్మనీలో సీ-నెట్జ్, ఫ్రాన్స్‌లో రేడియోకామ్ 2000, బ్రిటన్‌లో టాక్స్, నార్డిక్ దేశాల్లో ఎన్‌ఎంటీ అంటూ ఎవరి వ్యవస్థ వాళ్లది. ఏదీ మరొకదానితో కలవదు. ఒక్కో దేశం కోసం విడిగా కొద్దిపాటి ఫోన్లు తయారు చేయాల్సి రావడంతో ధర ఆకాశంలో ఉండేది. అలాంటి ఖండం నుంచే కొన్నేళ్లలో ప్రపంచమంతా వాడిన మొబైల్ ఫోన్ ప్రమాణం జీఎస్‌ఎం వచ్చింది. సరిగ్గా అదే కాలంలో, అంతే పట్టుదలతో, అంతకంటే ఎక్కువ ప్రచారంతో యూరప్ టీవీ రంగంలోనూ ఒక ప్రమాణం తేవాలని చూసి బోర్లా పడింది.

యూరప్ పారిశ్రామిక విధానం అనగానే సబ్సిడీలు, సుంకాలు, పెద్ద కంపెనీలపై వేసే జరిమానాలు వార్తల్లోకి వస్తాయి. కానీ అక్కడి పరిశ్రమను నడిపించే బలం చాలావరకు ప్రమాణాల్లో ఉంది. ఏ వస్తువు ఎంత కొలత ఉండాలి, ఏ పరీక్షలో నెగ్గాలి, ఏ సిగ్నల్‌తో మాట్లాడాలి అని చెప్పే పత్రాలివి. వీటిని పార్లమెంటు రాయదు, కమిటీలు రాస్తాయి. అందుకే ఆ కమిటీలో ఎవరు కూర్చున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యమైన రాజకీయ ప్రశ్న అని నేను నమ్ముతాను.

ముందు గెలిచిన కథ చూద్దాం. 1982లో యూరప్ దేశాల తంతితపాలా శాఖల ఉమ్మడి సంస్థ సీఈపీటీ ఒక చిన్న బృందాన్ని వేసింది. దాని పేరు గ్రూప్ స్పెసియాల్ మొబీల్. జీఎస్‌ఎం అన్న పొట్టి పేరు మొదట ఆ బృందానిదే. 1986లో పారిస్‌లో పలు కంపెనీల నమూనాలను పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 1987 వచ్చేసరికి సాంకేతికంగా ఏ దారి మంచిదో ఇంజనీర్లలో ఎక్కువమందికి స్పష్టమైంది. కానీ జర్మనీ, ఫ్రాన్స్ తమ కంపెనీల డిజైన్‌నే పట్టుకుని వేలాడాయి. ఆ ముడి విప్పడం ఇంజనీర్ల చేతిలో లేదు. ఆ ఏడాది మే నెలలో బాన్‌లో జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్, ఇటలీ మంత్రులు కూర్చుని తేల్చాల్సి వచ్చింది.

తర్వాత జరిగిన రెండు పనులు కీలకం. జూన్‌లో వచ్చిన యూరోపియన్ డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన ఉమ్మడి చట్టం) 900 మెగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో కొంత భాగాన్ని ఈ కొత్త వ్యవస్థకు కేటాయించమని సభ్యదేశాలను ఆదేశించింది. సెప్టెంబరు 7న కోపెన్‌హాగెన్‌లో 13 దేశాల టెలికాం ఆపరేటర్లు 1991 కల్లా సేవ మొదలుపెడతామని ఒప్పందంపై సంతకాలు పెట్టారు. పరికరాలు కొనే వాళ్లే తేదీతో సహా మాట ఇచ్చేశారు. ఇక తయారీదారులు ధైర్యంగా పెట్టుబడి పెట్టగలిగారు. 1988లో ఫ్రాన్స్‌లోని సోఫియా ఆంటిపోలిస్‌లో ఈటీఎస్‌ఐ అనే టెలికాం ప్రమాణాల సంస్థ ఏర్పడి ఆ పని అందుకుంది. 1991 జులై 1న ఫిన్లాండ్‌లో తొలి జీఎస్‌ఎం కాల్ వెళ్లింది. మన దేశంలో 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లిన తొలి మొబైల్ కాల్ కూడా జీఎస్‌ఎం నెట్‌వర్క్ మీదే.

ఇందులో సిమ్ కార్డు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చందాదారు గుర్తింపును ఫోన్ నుంచి విడదీసి ఒక చిన్న కార్డులో పెట్టడం పైకి సాంకేతిక నిర్ణయంలాగే కనిపిస్తుంది. కానీ దానివల్ల ఫోన్ అమ్మేవాడు, సేవ అమ్మేవాడు వేరువేరు అయ్యారు. ఫోన్ మార్చకుండా కంపెనీ మారొచ్చు, కంపెనీ మారకుండా ఫోన్ మార్చొచ్చు. మన ఊళ్లలో సెకండ్‌హ్యాండ్ ఫోన్ల వ్యాపారం, రెండు సిమ్‌ల అలవాటు ఆ నిర్ణయం పుణ్యమే. ఒక పోటీ చట్టం చేయాల్సినంత పనిని ఒక కమిటీ పత్రం చేసేసింది.

ఇక ఓడిన కథ. 1986లో డుబ్రోవ్నిక్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో జపాన్ తన హైడెఫినిషన్ టీవీ పద్ధతిని ప్రపంచ ప్రమాణం చేయాలని అడిగింది. అమెరికా మద్దతిచ్చింది. ఆ ప్రతిపాదన నెగ్గితే టీవీల తయారీ అంతా జపాన్ చేతికి పోతుందని యూరప్ భయపడింది. అడ్డుపడి, తన సొంత పద్ధతి తెస్తానంది. ఫిలిప్స్, థామ్సన్, బాష్ వంటి కంపెనీలతో యురేకా 95 అనే భారీ ప్రాజెక్టు మొదలైంది. దాని లక్ష్యం హెచ్‌డీ-మ్యాక్ అనే టీవీ ప్రసార పద్ధతి. దీనికి దారి వేయడానికి నేరుగా ప్రసారం చేసే ఉపగ్రహాలన్నీ మ్యాక్ కుటుంబ ప్రమాణాలే వాడాలని 1986లోనే డైరెక్టివ్ కూడా తెచ్చారు.

ఆ డైరెక్టివ్ అధిక శక్తి గల ప్రసార ఉపగ్రహాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. 1988 చివర్లో లక్సెంబర్గ్‌కు చెందిన ఆస్ట్రా ఉపగ్రహం పైకి వెళ్లింది. అది మధ్యస్థ శక్తి గలది, కాబట్టి ఆ నియమం దానికి వర్తించలేదు. 1989 ఫిబ్రవరిలో స్కై టీవీ దాని మీదుగా, జనం ఇళ్లలో అప్పటికే ఉన్న టీవీలకు సరిపోయే పాత పాల్ పద్ధతిలోనే ప్రసారాలు మొదలుపెట్టింది. చట్టం చెప్పినట్టు మ్యాక్ వాడిన బ్రిటిష్ పోటీదారు బీఎస్‌బీ 1990లో ఆలస్యంగా రంగంలోకి దిగి, ఆ నవంబరుకల్లా స్కైలో విలీనమైపోయింది. నియమం పాటించిన కంపెనీ మునిగింది, పాటించనక్కర్లేని కంపెనీ బతికింది. 1992లో ఆల్బర్ట్‌విల్, బార్సిలోనా ఒలింపిక్స్‌ను హెచ్‌డీ-మ్యాక్‌లో ఘనంగా చూపించారు. కానీ ఆ సరికి అమెరికాలో పూర్తి డిజిటల్ టీవీ సాధ్యమని తేలిపోయింది. అనలాగ్ పునాదిపై కట్టిన యూరప్ పద్ధతికి కాలం చెల్లింది. 1993లో దాన్ని వదిలేశారు.

రెండు కథల్లోనూ ప్రభుత్వ మద్దతు ఉంది, డైరెక్టివ్‌లు ఉన్నాయి, విదేశీ పోటీ అంటే భయం ఉంది. తేడా బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఉంది. జీఎస్‌ఎంలో పరికరాలు కొని నడపాల్సిన ఆపరేటర్లే ముందు సంతకం పెట్టారు. హెచ్‌డీ-మ్యాక్‌లో తయారీదారులు, మంత్రిత్వ శాఖలు కలిసి తేల్చేశాయి. కొత్త కెమెరాలు, స్టూడియోలు కొనాల్సిన ప్రసార సంస్థల మాట, కొత్త టీవీ కొనాల్సిన ప్రేక్షకుల మాట ఎవరూ అడగలేదు. యూరప్ ఈ పాఠం త్వరగానే నేర్చుకుంది. 1993 సెప్టెంబరులోనే ప్రసార సంస్థలు, తయారీదారులు, నియంత్రణ అధికారులు అందరినీ కూర్చోబెట్టి డీవీబీ ప్రాజెక్టు మొదలైంది. ఈ రోజు తెలుగు ఇళ్ల మేడల మీద కనిపించే డీటీహెచ్ డిష్‌లు అందుకునేది ఆ డీవీబీ ప్రమాణంలోని సిగ్నల్‌నే.

చట్టం ఎక్కడ ఆగుతుంది, కమిటీ ఎక్కడ మొదలవుతుంది

ఈ రెండూ టెలికాం, టీవీ రంగాల కథలు. బొమ్మలు, యంత్రాలు, ప్రెషర్ ట్యాంకులు, ఇంట్లో వాడే వస్తువుల సంగతి వేరు. వాటికి యూరప్ ఒక శాశ్వత పద్ధతి పెట్టుకుంది. దాని మూలం ఒక మద్యం సీసా కేసులో ఉంది.

ఫ్రాన్స్‌లో తయారయ్యే కాసిస్ ద డిజాన్ అనే తీపి పానీయంలో ఆల్కహాల్ 15 నుంచి 20 శాతం. పండ్ల లిక్కర్‌లో కనీసం 25 శాతం ఉండాలని జర్మనీ చట్టం. కాబట్టి దిగుమతి కుదరదంది. తక్కువ ఆల్కహాల్ ఉంటే జనం అలవాటు పడిపోతారని కోర్టులో వాదించింది కూడా. 1979 ఫిబ్రవరిలో యూరోపియన్ న్యాయస్థానం ఆ వాదనను కొట్టేసింది. ఒక సభ్యదేశంలో చట్టబద్ధంగా అమ్ముడయ్యే సరుకును, ఆరోగ్యం లాంటి బలమైన కారణం లేకుండా ఇంకో దేశం ఆపకూడదంది.

ఆ తీర్పుకు ముందు అన్ని దేశాల నియమాలనూ కలపడమంటే ప్రతి వస్తువుకూ ప్రతి కొలతా చట్టంలోనే రాయడం, దానికి దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవడం. తీర్పు వచ్చిన ఐదేళ్లకు, 1984లో కూడా గడ్డి కోసే యంత్రం ఎంత శబ్దం చేయొచ్చో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక డైరెక్టివ్ తెచ్చారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. చట్టం బయటికి వచ్చేలోపు సాంకేతికత మారిపోయేది. తీర్పు తర్వాత భద్రత, ఆరోగ్యం వంటి తప్పనిసరి విషయాలను మాత్రమే ఉమ్మడిగా చూసుకుంటే చాలని తేలింది. 1985 మే నెలలో సభ్యదేశాలు 'కొత్త విధానం' అనే తీర్మానం చేశాయి. చట్టం లక్ష్యం చెబుతుంది, అక్కడితో ఆగుతుంది. ఆ లక్ష్యాన్ని చేరే కొలతలు, పరీక్షలు ప్రమాణాల సంస్థలు రాస్తాయి.

1988 నాటి బొమ్మల డైరెక్టివ్‌నే తీసుకోండి. 36 నెలల లోపు పిల్లల బొమ్మల్లో మింగడానికి, ఊపిరితిత్తుల్లోకి పీల్చుకోవడానికి వీలయ్యే భాగాలు ఉండకూడదని చట్టం చెబుతుంది. ఎంత చిన్నదైతే ప్రమాదమో చెప్పదు. అది ఈఎన్ 71 అనే ప్రమాణం చెబుతుంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక చిన్న గొట్టం ఉంటుంది. బొమ్మ గానీ, ఊడి వచ్చిన భాగం గానీ ఒత్తిడి పెట్టకుండా అందులో పూర్తిగా ఇమిడిపోతే ఆ బొమ్మ ఫెయిల్. తల్లిదండ్రుల భయాన్ని ఫ్యాక్టరీలో ఎవరైనా నిమిషంలో చేయగలిగే పరీక్షగా మార్చారు. ఈ పని ఎంత గొప్పదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇలాంటి ప్రమాణం పేరు యూరోపియన్ యూనియన్ అధికారిక గెజిట్‌లో అచ్చయితే, దాన్ని పాటించిన వస్తువు చట్టాన్ని కూడా పాటించినట్టే అని ముందుగానే నమ్ముతారు. కాదని నిరూపించాల్సిన భారం అధికారులదే. కాగితం మీద ప్రమాణం స్వచ్ఛందమే, వేరే దారిలోనూ లక్ష్యం చేరవచ్చు. కానీ ఆ దారి సరైనదని సొంత ఖర్చుతో నిరూపించుకోవాలి. చిన్న తయారీదారుకు అది కుదిరే పని కాదు. కాబట్టి ఆచరణలో ప్రమాణమే చట్టం.

వస్తువుల మీద కనిపించే సీఈ గుర్తు ఈ ఏర్పాటుకు ముఖం. ఇక్కడ చాలామంది పొరబడతారు. సీఈ నాణ్యతకు ముద్ర కాదు, యూరోపియన్ చట్టాన్ని పాటించామన్న ప్రకటన మాత్రమే. చాలా వస్తువులకు తయారీదారు తన బాధ్యత మీద తనే ఆ గుర్తు వేసుకుంటాడు. ప్రమాదం ఎక్కువ ఉన్న వాటికి మాత్రమే బయటి ధ్రువీకరణ సంస్థ తనిఖీ ఉంటుంది. అది కూడా ఒక్కోసారి ఎంత బలహీనమో పీఐపీ కుంభకోణం చూపించింది. ఆ ఫ్రెంచ్ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో వైద్య అవసరాలకు అనుమతి లేని పారిశ్రామిక సిలికోన్ నింపింది. ధ్రువీకరణ సంస్థ తనిఖీకి వచ్చేముందు కబురు పెట్టి వచ్చేది. 2010లో విషయం బయటపడేసరికి ప్రపంచవ్యాప్తంగా లక్షలాది మహిళల శరీరాల్లో అవి ఉన్నాయి. చెప్పకుండా వెళ్లే తనిఖీలను 2017 నాటి వైద్య పరికరాల నియంత్రణ చట్టం తప్పనిసరి చేసింది. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో తయారైన పరికరం యూరప్‌లో అమ్ముడుపోవాలన్నా దాటాల్సింది ఈ చట్టాన్నే.

డబ్బు కట్టి చదవాల్సిన చట్టం

ప్రమాణాలు రాసే ప్రధాన సంస్థలు మూడు: సెన్, సెనెలెక్, ఈటీఎస్‌ఐ. ఇవి ప్రభుత్వ శాఖలు కావు, సంఘాలు. సెన్, సెనెలెక్‌లలో ప్రతి దేశం నుంచి ఒక జాతీయ సంస్థ ఉంటుంది. సెన్‌లో జర్మనీకి డిన్, ఫ్రాన్స్‌కు ఆఫ్నార్, ఇలా. ఒక యూరోపియన్ ప్రమాణం ఆమోదం పొందితే సభ్యదేశాలన్నీ దాన్ని తమదిగా తీసుకుని, దానికి విరుద్ధంగా ఉన్న సొంత ప్రమాణాన్ని రద్దు చేయాలి. ఉత్తరాన ఐస్‌లాండ్ నుంచి దక్షిణాన మాల్టా దాకా తయారీదారుకు ఒకే పత్రం సరిపోతుంది. యూరప్ ఒకే మార్కెట్‌గా నడవడానికి ఇది చేసిన మేలు అంతా ఇంతా కాదు.

అయితే ఈ సంఘాలకు ఆదాయంలో కొంత ప్రమాణాల ప్రతులు అమ్మడం వల్ల వస్తుంది. చట్టం ఉచితం, ఆ చట్టం పాటించడం ఎలాగో చెప్పే పత్రం మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఇది ఎంతకాలం నడుస్తుందన్న ప్రశ్న డబ్లిన్‌లో పగిలిన ఒక నేల నుంచి మొదలైంది.

బాలీమన్ ప్రాంతంలో కట్టిన ఒక యువజన కేంద్రంలో నేల, గోడలు బీటలు వారాయి. కింద పోసిన కంకరలో పైరైట్ అనే ఖనిజం ఉండి, అది ఉబ్బడమే కారణమని తేలింది. నిర్మాణ సంస్థ జేమ్స్ ఇలియట్ కంకర అమ్మిన ఐరిష్ ఆస్ఫాల్ట్ మీద కేసు వేసింది. కంకరకు ఒక యూరోపియన్ ప్రమాణం ఉంది. ప్రైవేటు సంఘం రాసిన ఆ పత్రానికి అర్థం చెప్పే అధికారం యూరోపియన్ న్యాయస్థానానికి ఉందా అన్నది ప్రశ్న. ఉందని, గెజిట్‌లో పేరు వచ్చిన ఇలాంటి ప్రమాణం యూరోపియన్ చట్టంలో భాగమేనని 2016 అక్టోబరులో కోర్టు తేల్చింది.

దాని తర్వాతి అడుగు ఊహించదగ్గదే. చట్టంలో భాగమైతే పౌరుడు దాన్ని ఉచితంగా చదవగలగాలి కదా? పబ్లిక్ రిసోర్స్ అనే అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, ఐర్లాండ్‌కు చెందిన రైట్ టు నో కలిసి నాలుగు ప్రమాణాల ప్రతులు (మూడు బొమ్మల భద్రతవి, ఒకటి వస్తువుల నుంచి వెలువడే నికెల్ పరీక్షది) ఇమ్మని యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన కమిషన్‌ను అడిగాయి. కమిషన్ కాపీరైట్ పేరు చెప్పి ఇవ్వలేదు. కింది కోర్టు కమిషన్‌ను సమర్థించింది. 2024 మార్చి 5న పై కోర్టు ఆ తీర్పును తిరగరాసింది: వీటిని వెల్లడించడంలో అన్నిటినీ మించిన ప్రజాప్రయోజనం ఉందంది. పబ్లిక్ రిసోర్స్ మన దేశంలోనూ ఇదే డిమాండ్‌తో పోరాడింది. భారత ప్రమాణాలను ఇంటర్నెట్‌లో పెట్టి, ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఇప్పుడు మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ తన ప్రమాణాలను చాలావరకు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తోంది. ఈ ఒక్క విషయంలో యూరప్ కంటే మనం ముందున్నామని సంతోషంగా చెప్పొచ్చు.

ప్రతులు ఉచితమైతే ఆదాయం పోయి పని ఆగిపోతుందని ప్రమాణాల సంస్థల భయం. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. అయినా చట్టమంత బలం కోరుకునే పత్రం ప్రజలకు కనబడకుండా ఉండకూడదు. ఖర్చు ఎలా భరించాలో ప్రభుత్వాలే చూసుకోవాలి.

ప్లగ్గులు, పేటెంట్లు

యూఎస్‌బీ-సీ కథ అందరికీ కొంత తెలిసిందే. 2009లో యూరప్ మార్కెట్‌లో 30 రకాల ఛార్జర్లు ఉండగా, కమిషన్ ఒత్తిడితో కంపెనీలు మైక్రో యూఎస్‌బీ వైపు స్వచ్ఛందంగా ఒప్పందం చేసుకున్నాయి. అడాప్టర్ ఇచ్చినా చాలని అందులో సందు ఉండటంతో ఆపిల్ తన పోర్టు మార్చలేదు. పదేళ్లకు పైగా నచ్చజెప్పాక 2022లో డైరెక్టివ్ వచ్చింది. ఫోన్లు, ట్యాబ్లెట్లకు 2024 డిసెంబరు 28 నుంచి, ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28 నుంచి వర్తించేలా తేదీలు పెట్టారు. 2023లోనే ఐఫోన్ 15 యూఎస్‌బీ-సీతో వచ్చేసింది. ఇక్కడ చట్టం తన పాత హద్దు దాటి ఒక నిర్దిష్ట పోర్టు పేరే చెప్పింది. దీనివల్ల కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని ఆపిల్ వాదించింది. నాకు ఆ వాదన అంత బలంగా అనిపించదు. ఆ పోర్టును పరిశ్రమ తనంతట తాను తయారు చేసుకుని, ఏళ్ల తరబడి వాడి చూసుకున్నాకే చట్టం ముట్టుకుంది. మ్యాక్ విషయంలో జరిగింది సరిగ్గా దీనికి రివర్స్.

ఎలక్ట్రిక్ కార్ల ప్లగ్గు విషయంలోనూ ఇంతే. జర్మనీలో మెనెకెస్ కంపెనీ చేసిన టైప్-2, ఫ్రాన్స్-ఇటలీ కంపెనీల టైప్-3 పోటీ పడుతుంటే పెట్టుబడులు ఆగిపోయాయి. 2013లో కమిషన్ టైప్-2 వైపు మొగ్గింది, 2014 డైరెక్టివ్ దాన్ని ఖాయం చేసింది. హైదరాబాద్ ఛార్జింగ్ స్టేషన్లలో ఇప్పుడు కార్లకు పెట్టే సీసీఎస్-2 ప్లగ్గు ఆ వంశంలోదే.

పేటెంట్ల దగ్గర మాత్రం యూరప్ ఇంకా తడబడుతోంది. ప్రమాణంలో ఒక కంపెనీ పేటెంటు చేరితే ఇక దాన్ని తప్పించుకోవడం ఎవరివల్లా కాదు. అందుకే న్యాయమైన, సహేతుకమైన, వివక్ష లేని రేటుకు లైసెన్సు ఇస్తామని ఆ కంపెనీ ముందే హామీ ఇస్తుంది. ఆ రేటు ఎంతన్నది ఎవరూ రాయలేదు. చైనా టెలికాం కంపెనీలు హువావే, జెడ్‌టీఈ మధ్య కేసులో 2015లో యూరోపియన్ న్యాయస్థానం బేరం ఎలా జరగాలో చెప్పింది గానీ, ధర చెప్పలేదు. కార్లలో, మీటర్లలో, ఫ్యాక్టరీ యంత్రాల్లో సిమ్‌లు చేరిన ఈ రోజుల్లో, టెలికాం అనుభవమే లేని చిన్న కంపెనీలకు ఈ లెక్క పెద్ద టెన్షన్. 2023 ఏప్రిల్‌లో కమిషన్ ఒక నియంత్రణ చట్టం ప్రతిపాదించింది. ఇలాంటి పేటెంట్లు చాలా ఉన్న నోకియా, ఎరిక్సన్ గట్టిగా వ్యతిరేకించాయి. ఏకాభిప్రాయం కుదరక 2025లో దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు కమిషన్ ప్రకటించింది.

ఏఐ దగ్గర ఆగిన బండి

ఇప్పుడు ఇదే పద్ధతిని యూరప్ కృత్రిమ మేధకు వాడుతోంది. ఏఐ చట్టం 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఉద్యోగ దరఖాస్తులు వడపోసే, అప్పు ఇవ్వొచ్చో లేదో తేల్చే, పిల్లల పరీక్షలను అంచనా వేసే వ్యవస్థలను అధిక ప్రమాదం ఉన్నవిగా గుర్తించి, వాటిలో డేటా మంచిదై ఉండాలి, మనిషి పర్యవేక్షణ ఉండాలి అంటుంది. ఎంత మంచిది, ఎలాంటి పర్యవేక్షణ అన్న వివరాలు రాసే పని సెన్, సెనెలెక్ ఉమ్మడి కమిటీకి అప్పజెప్పారు.

బొమ్మ ముక్క గొంతులో పడుతుందా లేదా అన్నది కొలవగలం. ఒక వర్గం అభ్యర్థులను సాఫ్ట్‌వేర్ ఎంత ఎక్కువగా తిరస్కరిస్తే అన్యాయం అవుతుందో చెప్పడానికి అలాంటి గొట్టం లేదు. అది సమాజం తేల్చుకోవాల్సిన విలువల విషయం. ఈ కమిటీల్లో కూర్చునే నిపుణుల్లో ఎక్కువమందికి జీతం ఇచ్చేది కంపెనీలే. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, కష్టపడి పనిచేసేవాళ్లే. కానీ నెలల తరబడి సమావేశాలకు మనుషులను పంపగల స్తోమత పెద్ద సంస్థలకే ఉంటుంది. వినియోగదారుల తరఫున ఆనెక్, చిన్న సంస్థల తరఫున ఎస్‌బీఎస్, కార్మిక సంఘాల సమాఖ్య కూడా వస్తాయి. యూరోపియన్ యూనియన్ వాటికి డబ్బు సాయం చేస్తుంది. అవి తమ అభిప్రాయం చెప్పగలవు, ప్రమాణం ఆమోదంలో మాత్రం ఓటు లేదు. యూరోపియన్ యూనియన్ కోరిన ప్రమాణాలపై, కంపెనీలు నేరుగా సభ్యులుగా ఉండే ఈటీఎస్‌ఐలో కీలక నిర్ణయాలు జాతీయ సంస్థలే తీసుకోవాలని 2022లో చట్టం సవరించారు. విదేశీ కంపెనీల బలం పెరుగుతోందన్న ఆందోళనే దానికి కారణం. వినియోగదారుల ఓటు విషయంలో అంత చురుకుదనం కనబడలేదు. అది నాకు బాధ కలిగించే విషయం.

ఏఐ ప్రమాణాలు అనుకున్న గడువు 2025 ఏప్రిల్‌కు పూర్తి కాలేదు. ప్రమాణం లేకుండా నియమం ఎలా పాటించాలని కంపెనీలు అడిగాయి. 2025 నవంబరులో కమిషన్, అధిక ప్రమాద వ్యవస్థల నియమాలను ప్రమాణాలు సిద్ధమయ్యాకే వర్తింపజేద్దామని, కొన్నింటికి 2027 డిసెంబరు దాకా గడువు ఇద్దామని ప్రతిపాదించింది. అంటే పార్లమెంటు ఓటేసి చేసిన చట్టం ఎప్పుడు వర్తించాలో చివరికి ఒక కమిటీ పని వేగాన్ని బట్టి తేలుతోంది.

నాణ్యత నిర్వహణపై మొదటి ముసాయిదా ప్రమాణం 2025 అక్టోబరు చివర్లో బహిరంగ అభిప్రాయ సేకరణకు వచ్చింది. మిగతావీ ఒక్కొక్కటిగా అదే దారిలో రావాలి. ఈ దశలో వ్యాఖ్యలు వెళ్లేది జాతీయ సంస్థల ద్వారా. డబ్లిన్‌లోనో మ్యూనిక్‌లోనో సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగు ఇంజనీర్లు కూడా ఐర్లాండ్‌లో ఎన్‌ఎస్‌ఏఐకి, జర్మనీలో డిన్‌కు తమ అభ్యంతరాలు పంపొచ్చు. అందుకు కంపెనీ అనుమతి అక్కర్లేదు, కమిటీ సభ్యత్వమూ అక్కర్లేదు.